ఎడమ చెంప పదును

ఆ చలికాలం గొడ్డళ్ళు ఎంచడంతో మొదలైంది.

నేను కట్టెల అడితిలో పదును పెట్టేవాణ్ణి. ఏటా చలి ముదిరే ముందు అడితికి ఆరు కొత్త గొడ్డళ్ళు కావాలి. కొనేది యజమాని, ఎంచేది నేను. ఇనుప సామాన్ల కొట్లో నలభై గొడ్డళ్ళు గోడకి ఆనించి ఉంటే ఆయన గుమ్మంలో నిలబడి పేపరు చదువుకునేవాడు. నేను ఒక్కొక్కటీ తీసి ముందు కామ, అంటే పిడికర్ర, చూసేవాణ్ణి. కర్రలో పోగులు కింది కొస నుంచి తలదాకా తెగకుండా నడవాలి. అడ్డం తిరిగిన పోగు ఏదో ఒకనాడు మనిషి కాలి మీదికి వస్తుంది. తరవాత తల. రెండు వేళ్ళతో వేలాడదీసి గోటితో మీటితే మంచి ఉక్కు ఖంగుమని కాసేపు మోగుతుంది. చెడ్డది టప్‌మని ఊరుకుంటుంది. చివరికి ఒక కన్ను మూసి అంచు వెంట చూపు పారించాలి. అంచు, కామ ఒకే గీతలో లేకపోతే అది ఎంత మెరిసినా పక్కన పెట్టెయ్యాలి.

"నీ పెళ్ళాన్ని కూడా ఇలాగే గోటితో మీటి చూశావా ఏం?" అనేవాడు యజమాని.

ఆ ఏడు ఐదు ఎంచాను. ఆరోది మూలలో ఉందని లోపలికి వచ్చినప్పుడే చూసి పెట్టుకున్నాను. చెయ్యి చాచేసరికి దాని మీద ఇంకో చెయ్యి ఉంది. బక్కపలచటి మనిషి. వేళ్ళ కొసలు నీళ్ళలో నానినట్టు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి.

"మీరు ముందు చూశారు. తీసుకోండి" అన్నాడు.

"నేను చూసింది నీకెలా తెలుసు?"

"ఐదూ ఎంచుతున్నంతసేపు మీ కన్ను దీని మీదే ఉంది కదండీ."

యజమాని పేపరు మడిచి పగలబడి నవ్వాడు. "నిప్పురవ్వా, ఇన్నాళ్ళకి నీకు జోడీ దొరికాడయ్యా!"

మోటారు సాన మీద రవ్వలు లేపుతాను కాబట్టి నన్ను అందరూ నిప్పురవ్వ అనేవాళ్ళు. ఆ గొడ్డలి తీసుకున్నాను. ఆరింటిలోనూ అదే మేలైనది. అయినా దాన్ని పట్టుకున్నప్పుడల్లా ఎవడో దానం చేసినట్టుండేది.

వారం తిరక్కుండా ఆ మనిషి మా వీధిలోనే, దర్జీ కొట్టు పక్క గదిలో దుకాణం పెట్టాడు. మోటారు లేదు, రవ్వల్లేవు. తొట్టెడు నీళ్ళు, అందులో మూడు రాళ్ళు. ముతక, నడితరం, నునుపు. వీధి వాడికి నీళ్ళరాయి అని పేరు పెట్టింది.

మా ఇంట్లో కత్తి ఒక్కటే. పెళ్ళయిన నెలకి, కోతమిల్లులో విరిగిన రంపపు బద్దతో నేనే చేశాను. నల్లకర్ర పిడి. మా నాన్న కత్తికి రెండు చెంపలూ నూరేవాణ్ణి చేతకానివాడనేవాడు. కుడి చెంప వాలుగా ఉండాలి, ఎడమ చెంప అద్దంలా చదునుగా ఉండాలి. నేనూ అలాగే నూరాను. ఆదివారం పొద్దున టీ తాగి పెరటి మెట్టు మీద కూర్చునేవాణ్ణి. ఇంటి కత్తికి మోటారు తగలనిచ్చేవాణ్ణి కాదు. చేతి రాయి, రెండు చుక్కల నూనె. ముప్పై సార్లు నూరితే అంచు మీద సన్నటి ఇనుప నూగు లేస్తుంది. అది కంటికి కనబడదు, బొటనవేలికి తగులుతుంది. రెండో చెంప మీద రెండు దువ్వులు దువ్వి దాన్ని రాల్చెయ్యాలి. తరవాత తోలుపట్టీ. చివరికి కాగితం గాలిలో పట్టుకుని కత్తి ఆనిస్తే చాలు, చప్పుడు లేకుండా రెండయ్యేది. ఆ ముక్కలు తీసుకెళ్ళి మా ఆవిడ ముందు పెట్టేవాణ్ణి. "అబ్బో" అనేది. ముప్పై ఒక్క ఏళ్ళు నాకు ఆదివారం వచ్చేది ఆ అబ్బో కోసమే.

ఆవిడది ఎడమచేతివాటం. రాయడం, కుట్టడం, తాళం తియ్యడం, అన్నీ ఆ చేత్తోనే. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి "ఈ కత్తి పక్కకి పోతోందండీ" అంది. "పోయేది కత్తి కాదు, నీ చెయ్యి" అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నీళ్ళరాయి వచ్చిన నెలకి, ఒక ఆదివారం, కత్తి తీసుకుని మెట్టు మీద కూర్చున్నాను. అలవాటుగా అంచుకి అడ్డంగా బొటనవేలు ఆనించాను. వారం వాడిన కత్తి మీద వేలు జారాలి. జారలేదు. అంచు వేలిని పట్టుకుంది. వెలుతురుకి తిప్పి చూశాను. కుడి చెంప మీద నా వాలు లేదు. అది చదునుగా ఉంది. వాలు ఎడమ చెంప మీదికి వెళ్ళింది. ఒక్క గీత లేదు, మబ్బు పట్టిన అద్దంలాంటి మెరుపు. చేతి రాయి మీద ఒక చెంప చదును చేసి రెండో చెంప వాలు తియ్యడానికి ఎన్ని గంటలు పడుతుందో నాకు తెలుసు. అన్ని గంటలు వాడు నా పెళ్ళాం కత్తితో కూర్చున్నాడు.

చేతిరాత చూస్తే మనిషెవరో తెలిసినట్టు, అంచు చూస్తే నూరిందెవరో నాకు తెలుస్తుంది. మా ఆవిడ పెట్టెలో పరాయివాడి ఉత్తరం దొరికినట్టయింది.

"ఏమే, ఈ కత్తి ఎవరు ముట్టుకున్నారు?"

ఆవిడ గిన్నె తోముతోంది. చెయ్యి ఆగింది. "బాగానే తెగుతోంది కదండీ."

"తెగుతోందా అని నేనడగలేదు."

"ఈ వారం మీరు నూరక్కర్లేదు లెండి. కాసేపు నడుం వాల్చండి."

నడుం వాల్చమంది. ఆదివారం నా చేతిలోంచి లాక్కుని నడుం వాల్చమంది. ఎడమ మణికట్టుకి గుడ్డ చుట్టుకుని ఉంది. అది చూశాను, అడగలేదు. నా కంటికి కత్తి తప్ప ఇంకేం ఆనలేదు.

ఆవిడ చెల్లెలు రెండిళ్ళ అవతల ఉండేది. నోటికి తాళం వెయ్యడం దేవుడు మరిచిపోయిన మనిషి. మర్నాడు సాయంత్రం అడితి నుంచి వస్తుంటే తన గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏం బావా, నిప్పురవ్వ మీద నీళ్ళు పడ్డాయటగా?"

"ఎవరన్నారు?"

"అనని వాళ్ళెవరో అడుగు, తేలిగ్గా లెక్క తేలుతుంది. నేనూ ఇచ్చొచ్చాను నా కత్తి. కోసినట్టు ఉల్లిపాయకే తెలియట్లేదు, ఇంక నాకేం ఏడుపొస్తుంది!"

"ఇన్నేళ్ళూ నీ కత్తి నూరింది ఎవరు?"

"నువ్వే, కాదన్నానా? కానీ నువ్వు నూరుతూ తిడతావు బావా. ఎముకలు నరికావా, రాళ్ళు కొట్టావా అని. ఆయన తిట్టడు. కుర్చీ వేసి, కీరదోసకాయ చేతికిచ్చి, ముందు కొయ్యండమ్మా చూస్తాను అంటాడు."

"ఏం చూస్తాడు?"

"చెయ్యి చూస్తాడు. చేతిని బట్టి పదును అంటాడు."

"ఆడవాళ్ళ చేతులా?"

"మగాళ్ళు కత్తి పట్టుకుని వస్తేగా! ఉడుక్కోకు బావా, పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా?"

నవ్వుకుంటూ లోపలికి పోయింది. నాకు అన్నం సయించలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆకురాయి కొనాలని చెప్పి అడితిలోంచి బయటపడ్డాను. సైకిల్ షాపు ముందు, వేలాడేసిన టైర్ల వెనక నిలబడితే నీళ్ళరాయి గది సూటిగా కనిపిస్తుంది. నేను వెతకబోయింది దొరికింది. మా ఆవిడ ఆ కుర్చీలో ఉంది. ఒళ్ళో చెక్కపలక, పలక మీద కీరదోసకాయ, ఎడమ చేతిలో నేను చేసిన కత్తి. వాడు మోకాళ్ళ మీద చేతులు ఆనించి, వంగి, ఆవిడ చేతినే చూస్తున్నాడు. ముక్క తెగి పడింది. వాడు దాన్ని తీసి కిటికీ వెలుతురుకి పట్టుకుని ఏదో అన్నాడు. ఆవిడ నవ్వింది. మణికట్టు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేట్టు నవ్వింది.

ఆ నవ్వు నేను చూసి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు.

ఆకురాయి కొనకుండానే వెనక్కి వెళ్ళాను. ఆ సాయంత్రం ఇంట్లో కూరముక్కలన్నీ సమానంగా, అచ్చు పోసినట్టు ఉన్నాయి. ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు.

"ఒంట్లో బాగాలేదా?" అంది.

"బాగుంది" అన్నాను.

శనివారం ఆవిడ చెల్లెలింటికి వెళ్ళగానే కత్తి జేబురుమాలులో చుట్టి అడితికి పట్టుకుపోయాను. మోటారు వేశాను. వాడు వాలు తీసిన ఎడమ చెంపని సానకి అదిమి పెట్టాను. రవ్వలు గోడదాకా లేచాయి. చేతి రాయి మీద వాడు గంటలు కూర్చుని చేసింది నాలుగు నిమిషాల్లో పోయింది. తరవాత కుడి చెంప తిప్పి, మా నాన్న వాలు, నా వాలు తియ్యడం మొదలుపెట్టాను. ఉక్కు వేడెక్కితే ముందు ఎండుగడ్డి రంగు తిరుగుతుంది. తరవాత గోధుమరంగు, ఊదా, ఆఖరికి నీలం. గడ్డి రంగు దగ్గర ఆగి నీళ్ళలో ముంచాలి. నీలం వచ్చిందంటే ఉక్కు చచ్చినట్టే, ఇంక ఎంత నూరినా అంచు నిలవదు. ఇది నాకు తెలియంది కాదు. పనికి వచ్చిన ప్రతివాడి చేతా ఈ రంగులు వల్లె వేయించినవాణ్ణి. పక్కనే బకెట్లో నీళ్ళున్నాయి. ముంచలేదు. నీళ్ళంటేనే ఆ పూట నాకు ఒళ్ళు మండింది.

ఆదివారం మామూలుగా కాగితం ముక్కలు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. చచ్చిన ఉక్కు కూడా కొత్తగా నూరితే ఒకటి రెండు రోజులు తెగుతుంది. ఆవిడ ముక్కలు చూడలేదు. కత్తి తీసి, రెండు వైపులా తిప్పి, అంచు పొడవునా పాకిన నీలం చార మీద వేలు పెట్టింది.

"ఇదేంటండీ?"

"కాస్త వేడెక్కింది."

"సరే" అంది.

ఆ "సరే" తరవాత మా ఇంట్లో ఏదో ఆగిపోయింది. గొడవ లేదు. ఆవిడ నా పళ్ళెం పెట్టింది, చొక్కా గుండీ కుట్టింది, అడితి సంగతులు అడిగింది. కానీ మంగళవారానికల్లా కత్తి మొద్దుబారింది. వంటగదిలోంచి టకటకమని వచ్చే చప్పుడు దబ్బు దబ్బుమని రావడం మొదలైంది. ఆవిడ దాన్ని నా దగ్గరికి తేలేదు. నీళ్ళరాయి దగ్గరికీ తీసుకెళ్ళలేదు. ఎన్నిసార్లు టైర్ల వెనక నిలబడ్డానో, ఆ కుర్చీలో ఆవిడ మళ్ళీ కనబడలేదు. గెలిచాననుకోవాలి. ఆదివారం రాయి, నూనె పెట్టుకుని మెట్టు మీద కూర్చునేవాణ్ణి.

"కత్తి తెస్తావా?"

"బాగానే ఉంది లెండి."

మూడు ఆదివారాలు అదే మాట.

నాలుగో వారం మరదలు అడితికే వచ్చింది. ఆ రోజు మాటల్లో హాస్యం లేదు.

"అక్క చెయ్యి చూశావా బావా? మణికట్టు బన్నులా ఉబ్బింది. చెంచా పట్టుకోలేకపోతోంది."

"నాకు చెప్పలేదే?"

"నీకు చెప్పడం మానేసి ఎన్నేళ్ళయిందో నీకు తెలియదా? ఆ కత్తి బయటికి బయటికి పోతుంటే లోపలికి నెట్టుకుంటూ కోసింది, ముప్పై ఏళ్ళు. అది కుడిచేతి వాళ్ళ కత్తట. నీళ్ళరాయి ఒక్క ముక్క కోయించి చెప్పాడు. ఇన్నాళ్ళూ దీంతో ఎలా నెట్టుకొచ్చారమ్మా అన్నాడు."

"దానికి మీ అక్క ఏమంది?"

"మా ఆయనకి చెబితే ఇంతకంటే బాగా చేస్తారండీ, నేనే అడగలేదు అంది."

నేను చేతిలో ఉన్న గొడ్డలిని కింద పెట్టాను. ఒక్క మాట అడక్కుండా ఉండలేకపోయాను.

"ఆ రోజు ఎందుకు నవ్వింది?"

"ఏ రోజు?"

"కీరదోసకాయ కోసిన రోజు. వాడేదో అంటే నవ్వింది."

మరదలు నా మొహం వంక చూసింది. నేను ఎక్కడ నిలబడి చూశానో, ఏమనుకున్నానో అంతా అర్థమైనట్టుంది.

"ముక్క తిన్నగా పడిందని నవ్వింది బావా. ఇంకెందుకు నవ్వుతుంది?"

ఆమె వెళ్ళాక అడితిలో నా పనిగది తలుపు వేసుకున్నాను. నా పనికత్తికీ కుడి చెంపే పదును. ఒక ముల్లంగి తెప్పించి, దాన్ని ఎడమ చేత్తో కోశాను. కత్తి నా మాట వినలేదు. ముక్క పైన వేలెడు మందం, కింద కాగితమంత పలచన. తిన్నగా కోద్దామని లోపలికి నెట్టాను. మణికట్టులో నరం పట్టింది. ఒక్క ముల్లంగి అయ్యేసరికి చెయ్యి గుంజింది. ఒక్క ముల్లంగికి.

విరిగిన రంపపు బద్దలో రెండో సగం నా దగ్గరే ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అటక మీద ఉంది. దించాను. రెండు వారాలు, అడితిలోనే, పని అయిపోయాక రోజూ ఒక గంట. మోటారు ముట్టుకోలేదు. ఆకురాయితో రూపు తీసి, ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి, మళ్ళీ పొయ్యి సెగకి పట్టి, గడ్డి రంగు దగ్గర ఆపాను. పిడిని ఆవిడ ఎడమ చెయ్యి తలుచుకుంటూ చెక్కాను. ఉంగరపు వేలు దగ్గర కాస్త పల్లం, బొటనవేలు ఆనే చోట చదును. ఆ చెయ్యి నాకు అంత బాగా తెలుసని నాకే తెలియదు. వాలు ఎడమ చెంపకి తీశాను. గోటితో మీటితే, నేను ఇన్నేళ్ళలో ఎంచిన ఏ గొడ్డలీ అలా మోగలేదు.

చివరి రోజు సాయంత్రందాకా ఆగలేక మధ్యాహ్నమే తోలుపట్టీ మీద ఆఖరి దువ్వులు దువ్వుతున్నప్పుడు ఆవిడ అడితికి వచ్చింది. పొద్దున నేను టిఫిన్ డబ్బా మరిచిపోయాను. డబ్బా బల్ల మీద పెట్టి కత్తి చూసింది. వాలు ఏ చెంపకి ఉందో చూసింది.

"ఎవరికండీ అది?"

"నీకే" అన్న మాట నాలుక కొసదాకా వచ్చింది. అంటే, ఇన్నేళ్ళూ తప్పు చేశానని ఒప్పుకోవాలి. అది కూడా ఒప్పుకునేవాణ్ణేమో. నీళ్ళరాయి ఒక్క ముక్కతో కనిపెట్టింది నేను ముప్పై ఒక్క ఏళ్ళలో కనిపెట్టలేదని ఒప్పుకోవాలి. అది గొంతు దిగలేదు.

"ఎవరికో" అన్నాను.

ఆవిడ ఎడమ చెయ్యి పిడి వైపు చాచింది. జానెడు దూరంలో ఆపింది. నా మొహంలోకి చూసింది.

"ఎవరో గానీ, అదృష్టవంతురాలు" అంది.

నాకు ఇంకో అవకాశం ఇచ్చింది. గుమ్మం దగ్గర ఆగి చెంగు సర్దుకుంది కూడా, అంతసేపు అక్కర్లేకపోయినా. నేను కత్తి మీద గుడ్డ కప్పాను. ఆవిడ వెళ్ళిపోయింది.

నోరు తెరిచి అడిగితే ఇద్దామనుకున్నాను. ఒక్కసారి అడగాలి, అంతే. ఇంటికి తెచ్చి పనిముట్ల పెట్టెలో పైన్నే పెట్టాను, చేతికి అందేట్టు. ఆవిడ అడగలేదు. చచ్చిన కత్తితోనే దబ్బు దబ్బుమని కోసుకుంది.

చలి వెళుతూ వెళుతూ ఆవిణ్ణి తీసుకుపోయింది. నాలుగు రోజుల జ్వరం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. మూడో రోజు దాకా నేను అడితికి వెళ్ళి వచ్చాను. మామూలు జ్వరమే అనుకున్నాను. ఆవిడా మామూలు జ్వరమే అంది.

వచ్చిన వాళ్ళందరూ వెళ్ళిపోయాక, ఒక ఆదివారం పొద్దున మెట్టు మీద పనిముట్లు పరుచుకుని కూర్చున్నాను. పెరటి తలుపు తోసుకుని నీళ్ళరాయి వచ్చాడు. వీధి వీధంతా వచ్చిపోయాక వచ్చాడు. అదీ నాకు నచ్చలేదు. అందరిలో ఒకడిగా రాలేదు.

కూర్చోమని అనలేదు. కింది మెట్టు మీద తనే కూర్చున్నాడు. పరామర్శ మాటలు ఏవీ అనలేదు. వాడి చూపు పనిముట్ల మీద తిరిగి తిరిగి ఆ కొత్త కత్తి మీద ఆగింది.

"చూడొచ్చా అండీ?"

నేను సమాధానం చెప్పేలోపే తీసుకున్నాడు. ఒక కన్ను మూసి అంచు వెంట చూశాడు. గోటితో మీటి, మోత ఆగేదాకా విన్నాడు. పిడిని కుడి చేత్తో పట్టుకుని, కుదరక, ఎడమ చేతిలోకి మార్చాడు. నానిన తెల్లటి బొటనవేలు అంచుకి అడ్డంగా ఆనించాడు.

"ఇంత బాగా నేను పెట్టలేనండీ" అన్నాడు.

ఆ చలికాలమంతా ఎవరో ఒకరు అంటే విందామని చెవులు కోసుకున్న మాట అది. అన్నవాడు వాడు.

"ఆవిడ చూశారా?"

"చూసింది" అన్నాను. అబద్ధం కాదు.

"అయితే చాలండీ" అన్నాడు. కత్తిని పిడి నా వైపు వచ్చేట్టు పెట్టి, లేచి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. మంచివాడు. అందుకే ఈ రోజుకీ వాణ్ణి క్షమించలేదు.

వాడు వీధి మలుపు తిరిగేదాకా ఆగాను. తరవాత రాయి తీసి రెండు చుక్కల నూనె వేశాను. ఆ అంచు మీద వాడి వేలు పడింది. మొదటి నుంచీ నూరాను, ముప్పై సార్లు, నూగు లేచేదాకా. రెండో చెంప మీద రెండు దువ్వులు దువ్వాను. తోలుపట్టీ మీద దువ్వాను. కాగితం గాలిలో పట్టుకుని కత్తి ఆనించాను. చప్పుడు లేకుండా రెండైంది.

ఆ రెండు ముక్కలూ చేతిలో పట్టుకుని లేచి, వంటగది గుమ్మందాకా వెళ్ళాను.